పారవేసిన చేప తల: మాంసకృత్తుల కథ

నారాయణఖేడ్ అంగడిలో చేపలు కోసేచోట కొంతసేపు నిలబడినవారికి ఒక సంగతి తెలిసివస్తుంది. తక్కెడలో తూగిన చేప వేరు, సంచిలో ఇంటికి చేరే చేప వేరు. పొలుసు గీసి, మొప్పలు పీకి, కడుపు చీల్చి పేగులు తీసివేసి, రెక్కలూ తోకా నరికివేసిన తరువాతగాని చేప వంటింటికి రాదు. తలను కొందరు పులుసుకు పట్టుకొనిపోతారు, కొందరు వద్దంటారు. మిగిలినది కుక్కలకూ కాకులకూ పోతుంది. ఎండ ఎక్కేసరికి దాని వాసనకు ఆ దారిన నడవడమే కష్టము.

నారాయణఖేడ్ సముద్రానికి ఎంతో దూరాన, సంగారెడ్డి జిల్లా వాయవ్యపు కొసన ఉన్న మెట్టప్రాంతము. ఇక్కడి ముఖ్యమైన తిండి చాలాకాలము జొన్నరొట్టె. అయినా చేప ఇక్కడివారికి క్రొత్త కాదు. బీదరు వైపునుంచి దిగివచ్చే మంజీర నది ఈ ప్రాంతానికి దగ్గరగానే పారుతున్నది. ఆ నదిమీద 1931లో నిజాంసాగరమూ, ఆ తరువాత ఎగువన సింగూరు జలాశయమూ వెలిసినవి. ఊరూరా చెరువులు ఉన్నవి. 2016 తరువాత ప్రభుత్వము ఉచితముగా చేపపిల్లలను వదలడము మొదలుపెట్టడముతో ఆ చెరువులలో రవ్వ, బొచ్చె, ఎర్రమోసు వంటి చేపల పెంపకము మరింత విస్తరించింది. చేప పెరిగినకొద్దీ చేప వ్యర్థమూ పెరుగుతుంది.

ఈ పారవేసే భాగములో ఏమున్నది? ఎముకలేని కండను మాత్రమే తీసే కర్మాగారాలలో చేప బరువులో సగమో, అంతకు మించియో వ్యర్థముగా మిగులుతుంది. తలకూ వెన్నెముకకూ అంటుకొని మంచి కండ ఉంటుంది. చర్మములోను, పొలుసులోను మరొక జాతి మాంసకృత్తు ఉంటుంది. పేగులలో క్రొవ్వూ, జీర్ణరసాలూ ఉంటవి. కావున దీనిని చెత్త అనడము రసాయనశాస్త్రము దృష్టిలో సరికాదు. అయితే దానిని మనిషి తినే ఆహారముగా మార్చడము ఎంతవరకు సాధ్యము? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. దీనికి రెండువేల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము హైదరాబాదులోనే జరిగింది.

ఉప్పు చేసిన పని

ప్రాచీన రోమనులు గారుమ్ అనే ద్రవాన్ని ఎంతో ఇష్టముగా వాడేవారు. చిన్నచేపలను, పెద్దచేపల పేగులను ఉప్పుతో కలిపి తొట్లలో వేసి, కొన్ని వారాలో నెలలో ఎండలో ఉంచేవారు. అవి కరిగి, వడకట్టితే తేటగా వచ్చేది. క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయిన పాంపే నగరములో ఈ వ్యాపారపు జాడీలు బయటపడినవి. వియత్నాములో ఈనాటికీ చేపలతో ఇటువంటి ద్రవాన్నే చేసి అన్నములో వాడుకొంటున్నారు.

ఇందులోని రహస్యము సులభమైనదే. చేప పేగులలో మాంసకృత్తులను తుంచివేసే ఎంజైములు ఉంటవి. చేప చచ్చినా అవి పని మానవు. చేపనే జీర్ణము చేయడము మొదలుపెడతవి. అదే సమయములో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కూడ దాడిచేస్తవి. ఉప్పు ఎక్కువగా వేస్తే ఈ సూక్ష్మజీవులు నిలువలేవు, ఎంజైములు మాత్రము మెల్లగా పనిచేస్తూ పోతవి. పొడవైన గొలుసువంటి మాంసకృత్తు చిన్నచిన్న ముక్కలుగా తెగి నీటిలో కరుగుతుంది. నేటి కర్మాగారాలలో జరిగే జలవిశ్లేషణకు మూలసూత్రము ఇదే. కుళ్లడానికీ జీర్ణము కావడానికీ ఉన్న భేదాన్ని ఆ రోమనులు శాస్త్రము తెలియకుండానే చేతిపనిగా పట్టుకొన్నారు.

పారిసు పేదల గంజి

వ్యర్థమునుంచి తీసిన మాంసకృత్తును బీదలకు పెట్టాలనే ఆలోచన మొదట చేపనుంచి కాక, ఎముకలనుంచి పుట్టింది. 17వ శతాబ్దములో డెనీ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గట్టిగా మూతపడే పాత్రను నిర్మించి, ఆవిరి ఒత్తిడిలో ఎముకలను మెత్తబరచి జెలాటిన్ తీయవచ్చునని చూపినాడు. ఈనాటి ప్రెషర్ కుక్కరుకు ఆ పాత్రయే పూర్వజము. 19వ శతాబ్దపు ఆరంభములో దార్సే అనే రసాయనికుడు ఈ జెలాటిన్‌ను పెద్దయెత్తున తీయించి పారిసు ఆసుపత్రులలో రోగులకు గంజిగా పోయించినాడు. ఎముకలు ఊరికే దొరుకుతవి, జెలాటిన్ మాంసకృత్తే, ఇక పేదలకు మాంసము లేని లోటు తీరిపోయిందని అనుకొన్నారు.

కాని తిన్నవారు మొరపెట్టుకొన్నారు. విచారణకు సంఘము వేసినారు. శరీరధర్మశాస్త్రజ్ఞుడైన మజాండీ నాయకత్వములో ఆ సంఘము కుక్కలకు జెలాటిన్‌ను ఆహారముగా పెట్టి పరీక్షించింది. ఒక్క జెలాటిన్‌తో కుక్కలు బ్రతకలేదు. 1841లో సంఘము తన నివేదిక నిచ్చింది. జెలాటిన్ ఎందుకు చాలదో చెప్పడము మాత్రము ఆనాటి శాస్త్రానికి సాధ్యము కాలేదు.

కారణము తెలియడానికి మరి 60 ఏండ్లు పట్టింది. మాంసకృత్తులన్నీ ఎమినో ఆమ్లాలనే మణులను గ్రుచ్చిన దండలు. వాటిలో కొన్నిటిని మన శరీరము తానుగా తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. 1901లో ఇంగ్లండులో హాప్కిన్స్, కోల్ అనేవారు ట్రిప్టోఫాన్ అనే ఎమినో ఆమ్లాన్ని వేరుచేసినారు. శరీరానికి తప్పనిసరి అయిన ఈ మణి జెలాటిన్ దండలో లేనే లేదు.

ఈ సంగతిని చేప విషయములో మరువరాదు. చేప చర్మములోను, పొలుసులోను ఉండే కొల్లాజెన్ వేడినీటిలో మరిగితే జెలాటిన్ అవుతుంది. అందులోనూ ట్రిప్టోఫాన్ లేదు. తలకూ వెన్నెముకకూ అంటుకొన్న కండలోని మాంసకృత్తు మాత్రము సంపూర్ణమైనది. కావున చేప వ్యర్థమంతా ఒకటే అనడము పొరపాటు. ఒకే గంపలో రెండు రకాల మాంసకృత్తులు ఉన్నవి. ఒకటి మనిషిని పోషిస్తుంది, రెండవది తోడులేనిదే పోషించలేదు.

మనిషికి ముందు మొక్కకు, పశువుకు

మన దేశములో చేప వ్యర్థమును శాస్త్రీయముగా వినియోగించే ప్రయత్నము మద్రాసు రాజధానిలో మొదలైంది. కోస్తా జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ అక్కడ మత్స్యశాఖకు పునాది వేసినాడు. మలబారు తీరములో కుప్పలుగా పడే కవలచేపలను ఒడ్డున కుళ్లబెట్టి నూనె తీసే పద్ధతి ఉండేది. తాజా చేపలను ఉడికించి, మరలో ఒత్తి శుభ్రమైన నూనె తీయడాన్ని ఆయన శాఖ నేర్పింది. మిగిలిన పిప్పి ఎండబెట్టి తోటలకు ఎరువుగా అమ్మినారు. మాంసకృత్తు మొక్కల పాలైంది గాని, నేలపాలు కాలేదు.

ఐరోపాలో వేరొక మార్గము దొరికింది. పచ్చగడ్డిని ఆమ్లముతో నిలవచేసే పద్ధతిని ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్తనెన్ కనిపెట్టినాడు. ఆయనకు 1945లో నోబెల్ బహుమానము వచ్చింది. అదే సూత్రాన్ని 1930 ప్రాంతపు సంవత్సరాలలో స్వీడనులో చేపలకు అన్వయించినారు. 1948నుంచి డెన్మార్కులో అది వ్యాపారముగా సాగింది. నలగగొట్టిన చేప వ్యర్థానికి నూటికి 3 పాళ్లు ఫార్మిక్ ఆమ్లము కలిపితే కుళ్లు ఆగిపోతుంది. చేపలోని ఎంజైములు ఆ పులుపులో పనిచేసి, కొద్దిరోజులలో ముద్దను ద్రవముగా మారుస్తవి. వెచ్చని దేశాలలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. గారుములో ఉప్పు చేసిన పని ఇక్కడ ఆమ్లము చేస్తుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, మూత ఉన్న పీపాలు చాలు. ఈ ద్రవాన్ని తవుడులో కలిపి కోళ్లకు, పందులకు, చేపలకు మేతగా వాడవచ్చు.

తలలోని చిన్న గింజ

చేప తలకు మన దేశములోనే మరొక గౌరవము దక్కింది. రవ్వ, బొచ్చె వంటి చేపలు చెరువులోని నిలకడ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలములో పారే నదులలోనే పెడతవి. అందువల్ల పూర్వము చేపపిల్లలను నదులలో పట్టి దూరదేశాలకు పంపవలసి వచ్చేది. వచ్చిన పిల్లలలో పనికిరాని జాతులు కలిసివుండేవి, దారిలో చాలా చచ్చేవి.

చేప మెదడుక్రింద పెసరగింజకన్న చిన్నదైన పీయూషగ్రంథి ఉంటుంది. గ్రుడ్లు పక్వము కావడానికి కావలసిన హార్మోను అందులో ఉన్నది. అది కూడ మాంసకృత్తే. ఈ గ్రంథిని నూరి చేపకు సూదిమందుగా ఇచ్చే ప్రయోగాలు 1930 ప్రాంతములో అర్జెంటీనా, బ్రెజిలు దేశాలలో జరిగినవి. మన దేశములో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు 1957 జులై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో మన కార్పు జాతి చేపలచేత ఈ విధముగా గ్రుడ్లు పెట్టించినారు. ఆ దినాన్ని నేటికీ చేపల రైతుల దినముగా జరుపుకొంటున్నారు.

ఇన్ని గ్రంథులు ఎక్కడనుంచి వచ్చినవి? చేపల బజారులో నరికిన తలలనుంచే. తల వెనుకభాగము తొలిచి, గ్రంథిని పట్టకారుతో తీసి, సారాయిలో నిలవచేసేవారు. తరువాతికాలములో కృత్రిమ హార్మోన్లు వచ్చి గ్రంథులను సేకరించే పని తగ్గింది. అంతవరకు దేశములోని చెరువులకు చేపపిల్లను అందించినది పారవేయదగిన చేప తలయే. మంజీర ఒడ్డున నేడు పెరిగే రవ్వచేప వంశవృక్షములో బజారు చెత్తబుట్టకు కూడ ఒక కొమ్మ ఉన్నది.

తెల్లని పిండి, పెద్ద ఆశ

1960 దశాబ్దములో ప్రపంచమంతటా ఒకే మాట వినబడింది. బీదదేశాలలో మాంసకృత్తుల కరవు వస్తున్నదని, దానిని తీర్చాలని. 1968లో ఐక్యరాజ్యసమితి కూడ ఈ ప్రమాదాన్ని గూర్చి నివేదిక ప్రకటించింది. ఆ ఆశలలో ముఖ్యమైనది చేప మాంసకృత్తుల పిండి. చేపను మొత్తముగా నూరి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, నీటినీ క్రొవ్వునూ తీసివేస్తే రంగూ వాసనా దాదాపు లేని పిండి మిగులుతుంది. అందులో నూటికి సుమారు 80 పాళ్లు మాంసకృత్తే. రొట్టెపిండిలో కొద్దిగా కలిపితే చాలునని తలచినారు.

మొదటి చిక్కు మనస్సుకు సంబంధించినది. పిండిలోకి తల, పేగులు కూడ పోతవి. అవి అపరిశుభ్రమని 1962లో అమెరికాలోని ఆహార ఔషధాల అధికారులు అనుమతి నిరాకరించినారు. తమ ప్రజలు తినరానిదానిని ఇతర దేశాల పిల్లలకు ఎట్లా పెట్టగలరనే ప్రశ్న బయలుదేరింది. 1967లో నిబంధనలతో అనుమతి దొరికింది. ఎముకలలోని ఫ్లోరైడుకు కూడ ఒక హద్దు పెట్టినారు.

రెండవ చిక్కు పిండి స్వభావము. ఆల్కహాలు తగిలిన మాంసకృత్తు తన గుణాన్ని పోగొట్టుకొంటుంది. నీటిలో కరగదు, ముద్ద కట్టదు, నోటికి ఇసుకవలె తగులుతుంది. పైగా ఖర్చు ఎక్కువ. 1970 తరువాత కొద్ది సంవత్సరాలకే ఆ ఉత్సాహము చల్లారింది, కర్మాగారాలు మూతపడినవి.

హైదరాబాదు అడిగిన ప్రశ్న

మూడవ చిక్కు అన్నిటికన్న పెద్దది. దానిని ఎత్తిచూపినవారిలో హైదరాబాదు శాస్త్రజ్ఞులు ముఖ్యులు. 1918లో మెకారిసన్ కూనూరులో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969నుంచి అది జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది. ఆ సంస్థలో పనిచేసి, తరువాత దానికి అధిపతి అయిన డాక్టర్ సి. గోపాలన్ ఒక విషయాన్ని గమనించినారు. ఒళ్లు వాచి, జుట్టు రంగు మారే క్వాషియార్కర్ జబ్బు మాంసకృత్తుల లోపమువల్ల వస్తుందని, ఎముకలగూడైపోయే మరాస్మస్ జబ్బు మొత్తము తిండి చాలకపోవడమువల్ల వస్తుందని అప్పటి అభిప్రాయము. కాని ఒకేరకపు తిండి తినే పిల్లలలోనే రెండు జబ్బులూ కనబడుతున్నవి. ఆ పిల్లల తిండిలో ప్రధానమైన లోటు శక్తి లోటు, అనగా కడుపునిండా తిండి లేకపోవడమే అని 1968లో ఆయన వాదించినారు.

దీని భావము సులభమే. పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఇంటి తలుపులు విరిచి మంటపెట్టినట్లు, శక్తి చాలని శరీరము తిన్న మాంసకృత్తును కూడ ఇంధనముగా కాల్చివేస్తుంది. ఆకలితో ఉన్న పిల్లవానికి ఖరీదైన మాంసకృత్తుల పొడి పెడితే అది కండగా మారదు, బూడిద అవుతుంది. ధాన్యమూ పప్పూ కలిపి కడుపునిండా పెడితే మాంసకృత్తుల అవసరమూ చాలావరకు తీరుతుంది. హైదరాబాదు సంస్థ తయారుచేసిన మిశ్రమము ఇందుకు నిదర్శనము. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20 గ్రాములు. ఇందులో దూరమునుంచి తేవలసినది ఏదీ లేదు. 1974లో మెక్‌లారెన్ అనే వైద్యుడు మాంసకృత్తుల ప్రచారమంతా ఒక పెద్ద వైఫల్యమని వ్రాసేనాటికి, హైదరాబాదు ఆ సంగతిని ముందే చెప్పివున్నది.

అయితే అక్కడితో చేపకు పని లేదనుకోరాదు. అదే సంస్థనుంచి 1960లో గోపాలన్, శ్రీకంటియా మరొక పరిశోధన ప్రకటించినారు. జొన్న ముఖ్యాహారముగా తినే దక్కను పల్లెలలో పెల్లాగ్రా అనే చర్మరోగము కనబడేది. జొన్నలో లూసిన్ అనే ఎమినో ఆమ్లము అధికముగా ఉండడము దీనికి ఒక కారణము కావచ్చునని వారు సూచించినారు. తరువాత దీనిపై చర్చ జరిగింది. జొన్నలో లైసిన్ కొరత ఉన్నదనడములో మాత్రము వివాదము లేదు. చేప కండలో లైసిన్ పుష్కలము. పెల్లాగ్రాను నివారించే నియాసిన్‌గా శరీరములో మారే ట్రిప్టోఫాన్ కూడ అందులో ఉన్నది. జొన్నరొట్టెకు చేప పులుసు తోడైతే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. నారాయణఖేడ్ వంటి జొన్న ప్రాంతానికి చేప మాంసకృత్తు విలువ ఇక్కడ ఉన్నది. కాని ఈ గుణము కండదే. పొలుసునుంచి, చర్మమునుంచి తీసిన కొల్లాజెన్ పొడిని పుష్టినిచ్చే మందుగా కొనేవారు మజాండీ కుక్కలను ఒకసారి జ్ఞాపకము చేసుకోవాలి.

ఈనాటి మార్గాలు

1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ రంగములో చాలా పని చేసింది. దానికి విశాఖపట్టణములో పరిశోధన కేంద్రము ఉన్నది. నేడు వాడే పద్ధతులు ముఖ్యముగా మూడు. మొదటిది, వెన్నెముకకు అంటిన కండను యంత్రముతో వేరుచేసి ఖైమాగా వాడడము. రెండవది, బొప్పాయిపాలలోని పపాయిన్ వంటి ఎంజైములతో 50 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతములో వ్యర్థాన్ని కరిగించి, తరువాత బాగా వేడిచేసి ఎంజైమును ఆపి, నూనెనూ ఎముకనూ వేరుచేసి, ద్రవాన్ని పొడిగా ఎండించడము. ఎక్కువగా కరిగిస్తే పొడి చేదెక్కుతుంది. మూడవది, 1990 తరువాత అమెరికాలో హల్టిన్ అనే శాస్త్రజ్ఞుడు పెంపొందించినది. కండను గాఢమైన ఆమ్లములోగాని క్షారములోగాని కరిగించి, మరల మితమైన పులుపుకు తెస్తే, నిమ్మరసము పిండిన పాలు విరిగినట్లు మాంసకృత్తు విరిగి అడుగుకు చేరుతుంది. ఆల్కహాలు తగలదు కావున ముద్దకట్టే గుణము చాలావరకు నిలుస్తుంది.

ఇన్ని మార్గాలు ఉండగా చేప వ్యర్థము ఇంకా దారిప్రక్కన ఎందుకు పడివున్నది? సముద్రతీరములోని రొయ్యల కర్మాగారాలలో తలలూ పెంకులూ ఒకేచోట పోగుపడతవి. అందువల్ల వాటిని వినియోగించడము సులభము. చెరువు చేప కథ వేరు. కొల్లేటి ప్రాంతపు చేప కూడ చాలావరకు మంచులో పెట్టి మొత్తముగానే కలకత్తా వైపుకు, ఈశాన్యానికి పోతుంది. దానిని కోసేది ఎక్కడో దూరపు అంగళ్లలో, ఇళ్లలో. నారాయణఖేడ్‌లోనూ అంతే. వ్యర్థము చిన్నచిన్న కుప్పలుగా పదిచోట్ల ఉంటుంది, ఎండలో కొద్ది గంటలలో చెడుతుంది. చెడిన చేపనుంచి ఏ యంత్రమూ మంచి ఆహారము తీయలేదు. మనిషి తినే మాంసకృత్తుకు మంచు, శుభ్రమైన బల్ల, త్వరగా చేర్చే ఏర్పాటు ముందు కావాలి. పేగులతో వచ్చే పిత్తాశయాన్ని జాగ్రత్తగా తీసివేయాలి. రవ్వ వంటి చేపల పిత్తాన్ని మందని మ్రింగినవారికి మూత్రపిండాలు చెడిపోయిన సందర్భాలు ఉన్నవి.

కనుక ఇటువంటి ఊరికి ముందుగా తగినది డెన్మార్కు పీపాయే. అంగడిలో కోసినవారు వ్యర్థాన్ని వెంటనే ఆమ్లములో వేసి నిలవచేస్తే అది కోళ్లకో చేపలకో మేత అవుతుంది, దారి శుభ్రపడుతుంది, ఇంతవరకు ఊరికే పారవేసిన దానికి బెస్తవారికి నాలుగు డబ్బులు వస్తవి. మంచు, చేర్చే ఏర్పాటు కుదిరిన నాడు తలకూ వెన్నెముకకూ అంటిన కండను మనిషి ఆహారముగా తీయవచ్చు. ఆ రెండవ మెట్టు ఎక్కినవారు చేసిన పొడి ఎవరి పళ్లెములోకి పోతున్నదో కూడ చూడాలి. పారిసు గంజి, అమెరికా తెల్లపిండి, రెండూ బీదలకోసమని పుట్టినవే. తిన్నవారిని ముందుగా అడగకపోవడమే ఆ రెండింటికీ ఉన్న సమానమైన లోపము. జొన్నరొట్టె కడుపునిండా దొరికిన పిల్లవానికి దానితోపాటు కొద్దిగా చేప కండ అందితే, పారవేసిన తలకు నిజమైన విలువ దక్కినట్లు అవుతుంది.